గాజుతొట్టెలో దాంపత్యం

పాఠ్యభాగ నేపథ్యం

ప్రాణులను పెంచడం వినోదం మాత్రమే కాదు, అదొక బాధ్యత. పెంచేవాని అజ్ఞానానికి మూల్యం చెల్లించేది మూగజీవి. ఒంటరిగా ఉన్న క్లౌన్ చేపకు తోడు తేవాలనుకొన్నవారు ముందుగా దాని జీవనధర్మాన్ని ఏ విధంగా గ్రహించాలో ఈ పాఠం వివరిస్తుంది.

పాఠ్యభాగం

చార్మినార్‌కు పడమరగా లాడ్‌బజారులోని గాజుల దుకాణాలను దాటి సాగితే మహబూబ్ చౌక్ వస్తుంది. 1892లో ఆస్మాన్ జా కట్టించిన గడియారపు బురుజు ఆ ప్రదేశానికి గుర్తు. దాని చెంతనున్న ముర్గీచౌక్ కోళ్ళకు, పావురాలకు, పంజరపు పక్షులకు పేరుపొందింది. మిద్దెలపై పావురాలను పెంచేవారికి ఒక నియమం తెలుసు. కొత్త పావురాన్ని తెచ్చిననాడే పాతదాని గూటిలోకి వదలరు. నడుమ జాలీ ఉంచి కొన్నాళ్ళు పక్కపక్కనే ఉంచుతారు. అవి ఒకదానినొకటి చూచుకొని అలవాటుపడిన పిదపనే జాలీ తొలగిస్తారు. ఈ నియమం గాజుతొట్టెలో పెరిగే ఒక సముద్రపు చేపకు కూడా వర్తిస్తుంది.

ఆ చేపయే క్లౌన్ చేప. నారింజరంగు దేహంపై మూడు తెల్లని పట్టీలతో, సర్కసులోని విదూషకుణ్ణి తలపించే రూపంతో ఉంటుంది కాబట్టి దానికి ఆ పేరు వచ్చింది. 2003లో విడుదలైన 'ఫైండింగ్ నీమో' చలనచిత్రం దానిని లోకంలోని పిల్లలందరికీ పరిచయం చేసింది. సముద్రంలో ఇది ఆనిమోన్ అనే జీవి నీడలో బ్రతుకుతుంది. పువ్వువలె కనిపించే ఆ జీవి కరాలు ఇతర చేపలను కుట్టి చంపగలవు. క్లౌన్ చేపకు మాత్రం చర్మంపై ఉండే జిగురుపొర కవచమై నిలుస్తుంది. ఈ చేప శత్రువులకు అందక ఆనిమోన్ చాటున తలదాచుకొంటుంది. ప్రతిగా, ఆనిమోన్‌ను తినవచ్చే చేపలను తరిమివేస్తుంది.

ఈ చేపల కుటుంబవ్యవస్థ మిక్కిలి విచిత్రమైనది. ఒక్కొక్క ఆనిమోన్‌లో ఒక చిన్న గుంపు నివసిస్తుంది. అందరిలోకి పెద్దది ఆడచేప. దాని తరువాతి స్థానం మగచేపది. మిగిలినవన్నీ సంతానోత్పత్తి యోగ్యత ఇంకా పొందని చిన్నవి. ఆడచేప మరణిస్తే మగచేపయే క్రమంగా ఆడచేపగా మారుతుంది. చిన్నవాటిలో పెద్దది మగచేప స్థానాన్ని పొందుతుంది. హాన్స్ ఫ్రికె, సిమోన్ ఫ్రికె అనే శాస్త్రవేత్తలు ఈ విషయాన్ని 1977లో 'నేచర్' పత్రికలో వివరించారు. చలనచిత్రంలో తల్లిని కోల్పోయిన నీమోకు తండ్రి తండ్రిగానే మిగిలాడు. సముద్రంలోనైతే ఆ తండ్రియే ఆడచేపగా మారి ఉండేవాడు!

అయితే ఈ మార్పు ఒకే దిశలో సాగుతుంది. మగది ఆడది కాగలదు. ఆడది తిరిగి మగది కాలేదు. చిన్న చేపలు తమ స్థానాన్ని ఎన్నడూ మరువవు. పై స్థానంలోని చేప కన్న తాము పెద్దవి కాకుండా అవి తమ ఎదుగుదలను తామే అదుపులో ఉంచుకొంటాయని పీటర్ బస్టన్ 2003లో నిరూపించాడు. పెద్దదానితో సమానమైన పరిమాణానికి ఎదగడమంటే దానితో పోటీకి దిగడమే. పోటీకి దిగిన చిన్నదానికి బహిష్కారమో మరణమో తప్పదు. విశాలమైన సముద్రంలో బహిష్కృతమైన చేపకు కనీసం పారిపోయే దారి ఉంటుంది. గాజుతొట్టెలో అదీ లేదు.

సముద్రానికి దూరమైన హైదరాబాదులో ఈ చేపను పెంచడమే ఒక పరీక్ష. నగరానికి మచిలీపట్నం రేవు మూడువందల కిలోమీటర్లకు పైబడిన దూరంలో ఉన్నది. అందుచేత సముద్రపు నీటిని ఇంటిలోనే తయారుచేసుకోవాలి. శుద్ధిచేసిన నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల చొప్పున సముద్ర లవణ మిశ్రమాన్ని కలపాలి. అనగా వంద లీటర్ల తొట్టెకు మూడున్నర కిలోల లవణం కావాలి. వంటింటి ఉప్పు ఇందుకు పనికిరాదు. సముద్రజలంలోని మెగ్నీషియం, కాల్షియం మొదలైనవి అందులో తగినంతగా ఉండవు. కుళాయినీటిలోని క్లోరిన్ కూడా చేపకు హానికరం. వేసవిలో తొట్టెనీరు త్వరగా ఆవిరవుతుంది. నీరు ఆవిరవుతుందే కాని ఉప్పు ఆవిరి కాదు. కాబట్టి తగ్గినమేరకు శుద్ధమైన మంచినీటినే చేర్చాలి. ఉప్పునీటిని చేరిస్తే లవణసాంద్రత నానాటికీ పెరుగుతుంది. నీటి వేడిమి 24 నుండి 27 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండడం మంచిది. కరెంటు పోయినపుడు గాలినందించే బ్యాటరీ పంపు సిద్ధంగా ఉండాలి.

కొత్త తొట్టెలో వెంటనే చేపలను వదలరాదు. చేపల విసర్జకాల నుండి వెలువడే అమ్మోనియా విషతుల్యమైనది. మేలుచేసే బాక్టీరియా దానిని మొదట నైట్రైట్‌గా, పిదప నైట్రేట్‌గా మారుస్తుంది. ఆ బాక్టీరియా రాళ్ళపై, ఇసుకలో స్థిరపడడానికి కొన్ని వారాలు పడుతుంది. ఈ ఓర్పు లేనివారు చేపను కొన్నంత సులభంగా పోగొట్టుకొంటారు.

ఇక తోడును ఎంచుకొనే విషయం. చాలాకాలం ఒంటరిగా పెరిగి పెద్దదైన చేప ఆడచేపగా మారి ఉండే అవకాశమే ఎక్కువ. దానికి జతగా అంతే పరిమాణం గల మరొక పెద్ద చేపను తేవడం చాలామంది చేసే పొరపాటు. రెండూ ఆడచేపలైతే వాటి మధ్య రాజీ అసాధ్యం. ఒకటి చచ్చేవరకు పోరు సాగవచ్చు. కాబట్టి అదే జాతికి చెందిన, స్పష్టంగా చిన్నదైన చేపను తేవాలి. లింగభేదం ఇంకా ఏర్పడని ఆ చిన్నది పెద్దదాని ఆధిక్యాన్ని అంగీకరించి మగచేపగా ఎదుగుతుంది. మానవుల పెండ్లిళ్ళలో ఈడూజోడూ చూస్తారు. ఈ చేపల విషయంలో జోడు కుదరాలంటే ఈడు కుదరకూడదు!

తెచ్చిన చేపను నేరుగా పాతదాని చెంతకు చేర్చరాదు. తెల్లమచ్చల వంటి వ్యాధులు సోకకుండా సుమారు నాలుగు వారాలు వేరొక తొట్టెలో ఉంచి గమనించాలి. అటుపిమ్మట రంధ్రాలున్న పారదర్శకమైన పెట్టెలో దానినుంచి, ఆ పెట్టెను పెద్ద తొట్టెలో అమర్చాలి. మిద్దెమీది పావురాల జాలీ ఇక్కడ ఈ పెట్టె రూపం దాల్చిందన్నమాట. మొదట పాత చేప పెట్టెపైకి దూకి పొడవవచ్చు. కొన్ని దినాలకు ఆ ఆవేశం చల్లారుతుంది. అప్పుడు తొట్టెలోని రాళ్ళను కొంత అటునిటు మార్చి, దీపకాంతి తగ్గించి, సాయంవేళ కొత్త చేపను విడిచిపెట్టాలి. రాళ్ళ అమరిక మారితే పాత చేపకు 'ఇది నా చోటు' అనే పట్టు సడలుతుంది.

ఆ తరువాతి ఘడియలు కీలకమైనవి. పెద్దది తరుముతుంది, మూతితో పొడుస్తుంది. చిన్నది పక్కకు ఒరిగి దేహమంతా వణికిస్తుంది. చూపరులకు అది ప్రాణభయంగా తోచవచ్చు. నిజానికి అది 'నీవే పెద్దవు' అని తెలిపే వినయభాష. ఆ వణుకు కనిపించి, వెంబడించడం క్రమంగా తగ్గితే సంధి కుదురుతున్నట్లే. అట్లుకాక చిన్నదాని రెక్కలు చిరిగినా, అది మేత మానినా, నీటి పైఅంచున ఒక మూలకు నక్కి ఉన్నా తక్షణమే వేరుచేయాలి. 'రేపు సర్దుకొంటాయిలే' అనుకొన్నవారికి తెల్లవారేసరికి ఒకే చేప మిగలవచ్చు.

జత కుదిరిన చేపలు రాత్రివేళ ఒకేచోట విశ్రమిస్తాయి. నెలలు గడిచిన పిదప చదునైన రాతిని నోటితో శుభ్రపరచి అక్కడ గుడ్లు పెట్టవచ్చు. వాటిని కాపాడే భారం ముఖ్యంగా మగచేపదే. అది రెక్కలతో నీటిని విసరి గుడ్లకు ప్రాణవాయువును అందిస్తుంది. సుమారు వారం పదిరోజులకు, చీకటి పడిన తరువాత పిల్లలు వెలువడతాయి.

చేప ఎక్కడి నుండి వచ్చిందనేది కూడా ఆలోచించదగినదే. పగడపు దిబ్బలలో పట్టిన చేప కన్న సంతానోత్పత్తి కేంద్రంలో పుట్టినది తొట్టెకు సులభంగా అలవాటుపడుతుంది. తమిళనాడులోని మండపంలో గల కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ ప్రాంతీయ కేంద్రం క్లౌన్ చేపల ఉత్పత్తి పద్ధతులను అభివృద్ధి చేసింది. పుట్టుక నుండి తొట్టెలోనే పెరిగిన చేపకు ఆనిమోన్ తప్పనిసరి కాదు. మనదేశంలో దిబ్బలను నిర్మించే పగడాలకు వన్యప్రాణి సంరక్షణ చట్టం క్రింద 2001 నుండి రక్షణ ఉన్నది. సముద్రంలోని పగడాన్ని పెరికి తెచ్చి ఇంటి తొట్టెను అలంకరించడం నేరం.

తొట్టెలో క్లౌన్ చేప పది, ఇరవై సంవత్సరాలైనా జీవించగలదు. దానికి తోడు తేవడమంటే ఒక ముచ్చట తీర్చుకోవడం కాదు, రెండు ప్రాణాల భవిష్యత్తును చేతిలోకి తీసుకోవడం. ఆ రెండింటి నడుమ శాంతి పెంచేవాని కోరిక వలన కలగదు, వాటి ధర్మాన్ని గౌరవించడం వలన కలుగుతుంది.

కఠిన పదాలకు అర్థాలు

చెంత = సమీపం
పిదప = తరువాత
కరాలు = చేతులు
కవచం = రక్షణపొర
బహిష్కృతం = వెలివేయబడినది
విషతుల్యం = విషంతో సమానం
పారదర్శకం = అవతలి వస్తువు కనిపించేది
సంధి = ఒప్పందం

అభ్యాసం

1. క్లౌన్ చేపల కుటుంబవ్యవస్థను వివరించండి. (వ్యాసరూప సమాధానం)
2. కొత్త చేపను పాత చేపకు పరిచయం చేసే విధానాన్ని తెలపండి. (సంగ్రహ సమాధానం)
3. వేసవిలో తొట్టెకు మంచినీటినే ఎందుకు చేర్చాలి? (సంగ్రహ సమాధానం)
4. చిన్నచేప వణుకు దేనికి సంకేతం? (ఏకవాక్య సమాధానం)
5. సందర్భం తెలిపి వ్యాఖ్యానించండి: "జోడు కుదరాలంటే ఈడు కుదరకూడదు."