తుపాను గర్భమున జొచ్చు విమానదళము

సైన్యమనగానే ఫిరంగులును, బాంబులును, శత్రుసంహారమును మనకు స్ఫురించును. కాని అమెరికా సంయుక్త రాష్ట్రముల వాయుసేనలో వేఱొక తీరు దళము కలదు. దాని విమానములు బాంబులు మోయవు, తుపాకులు పేల్చవు. అవి వెంబడించునది మనుష్యులను గాదు, సముద్రముపై రేగు పెనుతుపానులను. ఆ దళము పేరు 53వ వాతావరణ పరిశీలక దళము. లోకులు దానిని హరికేన్ హంటర్లు, అనగా తుపాను వేటగాండ్రు, అని పిలుతురు. ఈ వేటగాండ్రు తుపానును చంపజాలరు. దాని దారినైనను మరల్పజాలరు. దానిని కొలిచి వత్తురు, అంతియే. ఆ కొలతవలన నేమి ప్రయోజనమో, దానికొఱకు ప్రాణముల నేల యొడ్డుదురో విచారింతము.

తుపాను స్వరూపము

తుపానునకు ఆహారము వెచ్చని సముద్రజలమునుండి లేచు నావిరి. ఆవిరి పైకిబోయి మేఘముగా మాఱునపుడు తనలోని వేడిమిని విడుచును. ఆ వేడిమిచే గాలి తేలికయై మఱింత పైకి లేచును. క్రింద వాయుపీడనము తగ్గును. నలుదెసలనుండి గాలి యచ్చటికి పరుగిడును. భూమి తిరుగుచుండుటచే నా గాలి తిన్నగా రాక సుడి తిరుగును. సుడినడుమ ‘కన్ను’ అను ప్రశాంత ప్రదేశ మేర్పడును. అందు గాలి మందముగా వీచును. ఒక్కొక్కప్పుడు నీలాకాశము సైతము కానవచ్చును. కంటిచుట్టును కోటగోడవలె నిలిచిన మేఘమండలమందే గాలి మిక్కిలి భయంకరమైనది. సముద్రమట్టమున సామాన్యమగు వాయుపీడనము సుమారు 1013 మిల్లీబార్లు. కంటిలో నది యెంత తగ్గిన, తుపాను సాధారణముగా నంత బలమైనదని యెఱుగవలెను. కావున కన్ను ఎచ్చట నున్నది? అచ్చట పీడన మెంత? ఈ రెండును తెలిసినవారికి తుపాను బలమును, అది పోవు దారియు చాలవఱకు బోధపడును.

తొలి ప్రవేశము

టెక్సాసు తీరమున గాల్వెస్టన్ అను ద్వీపనగరము కలదు. 1900 సెప్టెంబరు 8వ తేదీన నా నగరముపై బడిన తుపానువలన ఆఱువేల మొదలు పండ్రెండువేలవఱకు జనులు మరణించిరని అంచనా. రానున్న యాపద యెంతటిదో వారిలో ననేకులకు తెలియదు. 1943 జూలై 27వ తేదీన నదే తీరమునకు మఱియొక తుపాను వచ్చెను. అది యుద్ధకాలము. జర్మను జలాంతర్గాములకు జాడ తెలియకుండుటకై ఓడలు రేడియోవార్తలను మానియుండెను. అందుచే సముద్రముమీది సమాచారము తీరమునకు చాలినంత చేరలేదు.

ఆ దినమున టెక్సాసులోని బ్రయన్ విమానక్షేత్రమున కర్నల్ జోసెఫ్ డక్‌వర్త్ అను నాతడు, వెలుపల నేమియు కానరాకున్నను పరికరములనే చూచి విమానము నడుపు విద్యను బోధించుచుండెను. అచ్చట శిక్షణ పొందుచున్న బ్రిటిషు చోదకులు, తుపానునకు వెఱచి విమానములను దూరముగా తరలింతురని విని, ఇవి యింత బలహీనములాయని పరిహసించిరట. డక్‌వర్త్ పందెము కట్టి, రాల్ఫ్ ఓహేర్ అను మార్గదర్శిని వెంటబెట్టుకొని, ఒక్క యింజనుగల చిన్న శిక్షణవిమానములో తుపానులోనికి జొచ్చెను. ఆ యింజను ఆగిన వేఱు గతి లేదు. వారు కంటిని జేరి క్షేమముగా మరలివచ్చిరి. అంతట వాతావరణాధికారి విలియం జోన్స్-బర్డిక్ తనకును చూడవలెనని కోరగా, డక్‌వర్త్ ఆనాడే రెండవసారి తుపానులోనికి బోయెను. మొదటి ప్రయాణము పందెమునకు, రెండవది విజ్ఞానమునకు. ఈ రెండవదియే ముందునకు మార్గమైనది.

దళము చేయు పని

మఱుసటి సంవత్సరము, అనగా 1944లో, ఈ దళము ఏర్పడెను. ఉత్తర అట్లాంటిక్ సముద్రమును దాటి యూరపునకు బోవు విమానములకై వాతావరణమును కనిపెట్టుట దాని మొదటి పని. తరువాత తుపానుల పరిశీలనమే దాని ముఖ్యవృత్తి యయ్యెను. ఇప్పుడది మిసిసిపీ రాష్ట్రమున బిలాక్సీ నగరములోని కీస్లర్ స్థావరమున నున్నది. అచ్చట నాలుగు ప్రొపెల్లర్లుగల పది పెద్దవిమానములు దానికి కలవు. 1993 మొదలు నిది వాయుసేనయొక్క రిజర్వు విభాగమునకు చెందినది.

ఒక్కొక్క విమానమున సామాన్యముగా నైదుగురుందురు: ఇద్దఱు చోదకులు, మార్గదర్శి, వాతావరణాధికారి, పరికరములను జారవిడుచువాడు. బలమైన తుపానులలో సుమారు పదివేల అడుగుల యెత్తున నెగురుచు, ఒక దెసనుండి కంటిని జొచ్చి రెండవదెసకు వెడలి, మరల మఱియొక దెసనుండి జొచ్చి, గుణకారపు గుర్తువలె గీతలు గీచినట్లు తిరుగుదురు. నడుమ నడుమ చిన్న గొట్టమువంటి పరికరమును క్రిందికి విడుతురు. అది చిన్న గొడుగుసాయమున దిగుచు, సముద్రమును తాకువఱకు పీడనమును, ఉష్ణమును, తేమను, గాలివేగమును తెలుపుచుండును. ఆ సంఖ్యలు మయామీలోని జాతీయ తుపాను కేంద్రమునకు వెంటనే చేరును.

అంత గాలిలో విమానము విఱిగిపోదా యని విద్యార్థులు అడుగవచ్చును. ఏటిలోని పడవ నీటితోపాటు సాగునట్లే విమానమును గాలితో సాగును. ప్రక్కగాలి దానిని విఱువదు. హఠాత్తుగా పైకెత్తి క్రిందికి ద్రోయు గాలులే ప్రమాదకరములు. ఆకాశమున ఉపగ్రహము లుండగా నీ శ్రమ యేలయని మఱియొక ప్రశ్న. ఉపగ్రహములు మేఘముల పైభాగమును చక్కగా చూపును. కాని సముద్రమును తాకుచున్న గాలివేగమును, కంటిలోని పీడనమును సరిగా నెఱుగుటకు లోనికిబోయి కొలుచుటకు మించినది లేదు.

వెల

ఈ విద్యకు వెల చెల్లింపబడినది. 1955 సెప్టెంబరులో జానెట్ తుపానును పరిశీలింపబోయిన అమెరికా నౌకాసేన విమానము పదునొకండుగురితో మరలి రాలేదు. 1974 అక్టోబరులో పసిఫిక్ సముద్రమున బెస్ తుపానులోనికి బోయిన వాయుసేన విమాన మొకటి ఆఱుగురితో నదృశ్యమయ్యెను. అవి ఈ దళమునకు చెందినవి కావు. కాని వారి వృత్తియు నిదియే.

2005 ఆగస్టు 29వ తేదీన కట్రీనా తుపాను ఈ దళముయొక్క సొంతగూటిపైననే పడెను. కీస్లర్ స్థావరము మిక్కిలి దెబ్బతినెను. దళములోని పలువురి యిండ్లు పాడయ్యెను. అయినను వారు వేఱు స్థావరములనుండి యెగిరి, ఆ యేటి తక్కిన తుపానులనుగూడ కొలిచిరి. ఆ తుపానునుగూర్చి ముందుగనే హెచ్చరిక లందినను వేయిమందికి పైగా మరణించిరి. ఎక్కడికి బోవుటకును సాధనములేని బీదలును, వృద్ధులును, రోగులును వారిలో ననేకులు. కావున కొలత తెచ్చుట సగముపని. అది ప్రతియింటికి చేరుటయు, చేరినపిదప కదలలేనివారిని కదలించుటయు మిగిలిన సగము.

ఈ సత్యము మన తీరమునకును క్రొత్త కాదు. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమలో నుప్పెన వేలకొలది ప్రాణములను మ్రింగెను. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమును జావగొట్టినను, జనులను ముందుగా తరలించుటచే ప్రాణనష్టము దివిసీమనాటితో పోల్చదగినంత లేదు. గాలి మాఱలేదు, మనుష్యుని యెఱుక మాఱినది.

తుపాను కంటిలోనికి బోవు సాహసము అందఱకును లభించునది కాదు. కాని తుపానువార్త విన్నపుడు దానిని తేలికగా గొనక, ప్రక్కయింటి ముదుసలికి చెప్పి, చేయిపట్టి మెట్టకు నడిపించుట ఏ విద్యార్థికైనను సాధ్యమే. అచ్చట నా దళము తెచ్చు కొలతయు, ఇచ్చట మన రాడార్లు తెలుపు హెచ్చరికయు సార్థకమగుట ఈ చిన్నపనివలననే.