యాదికున్నప్పుడే రాసుకోవాలి

బోధన్ దగ్గర ఒక పల్లె. చెరకు నరికే రోజులు. పొద్దంతా చేన్లో పని చేసి వచ్చింది కోడలు. వంట అయింది. అందరూ తిన్నారు. అప్పుడు ఆమె నోటుబుక్కు తీసింది. ఆమె చదువు నేర్చుకున్నది పిల్లలు పెద్దవాళ్ళయ్యాకే.

ఆమె మామ మాజీ సైనికుడు. 1971 యుద్ధానికి పోయి వచ్చాడు. ఇప్పుడు ఆయనకు ఎనభై ఏళ్ళు. ఇంట్లో ఆయన ఇనుప పెట్టె ఉంది. అందులో పాత కాగితాలు, పతకాలు, ఒక ఫొటో ఉన్నాయి. అడుగున ఒక ఉత్తరం ఉంది.

"ఇది ఎవరు రాసిండ్రు అత్తమ్మా?" అని కోడలు అడిగింది.

"మీ మామనే. లడాయికి పోయినప్పుడు రాసిండు. శానా ఉత్తరాలు రాసిండు బిడ్డా. అన్నీ చెదలు తిన్నయి. గిదొక్కటే మిగిలింది."

"మరి నువ్వెట్ల చదువుకున్నవ్?"

"నాకు చదువు యాడిది? ఊర్లో చదువొచ్చినాయన దగ్గరికి తీస్కపోతుంటి. 'మంచిగున్నడట' అని చెప్తుండె. గంతే. ఇంకేం రాసిండో అడగాలంటే సిగ్గు. తిరిగి రాయించాలన్నా సిగ్గే. నా మనసుల మాట పరాయి మొగాయనకు ఎట్ల చెప్పాలె?"

కోడలు ఉత్తరం విప్పింది. మడతల దగ్గర సిరా చెరిగిపోయింది. అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చదివింది. క్షేమ సమాచారం అయిపోయింది. కింద ఇంకో రెండు మాటలు ఉన్నాయి. "నువ్వు పస్తులు ఉండకు. పిల్లగాన్ని పైలంగ చూసుకో. నేను వస్త."

అత్త చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా అంది: "గీ మాట గప్పుడు ఎవ్వలూ చదివి చెప్పలే."

ఆ యుద్ధం 1971 డిసెంబరు 3న మొదలైంది. 16న ముగిసింది. ఆ రోజు ఢాకాలో పాకిస్తాన్ సైన్యం లొంగిపోయింది. బంగ్లాదేశ్ అనే కొత్త దేశం నిలబడింది. ఇదంతా పుస్తకాల్లో ఉంది. కాని పల్లెలో ఒక ఇల్లాలు ఎన్ని రాత్రులు నిద్ర లేకుండా ఎదురుచూసిందో ఏ పుస్తకంలోనూ లేదు. అది ఆమె మనసులోనే ఉంది. ఆమె పోతే అదీ పోతుంది.

ఆడవాళ్ళ యాదులు పుస్తకమైనాయి

అలా పోకుండా కాపాడిన యాదులు కూడా ఉన్నాయి. అవి తెలంగాణ సాయుధ పోరాటం నాటివి. ఆ పోరాటం 1946 నుంచి 1951 వరకు సాగింది. దొరల వెట్టిచాకిరి మీద, నిజాం పాలన మీద, రజాకార్ల దౌర్జన్యాల మీద జనం తిరగబడ్డారు. 1948 సెప్టెంబరు 13న భారత సైన్యం హైదరాబాద్ రాజ్యంలోకి వచ్చింది. 17న నిజాం లొంగిపోయాడు. పెద్దలు దాన్నే "పోలీసు చర్య" అంటారు. ఆ తర్వాత కూడా పోరాటం 1951 దాకా నడిచింది.

అందులో ఆడవాళ్ళూ ఉన్నారు. తుపాకి పట్టినవాళ్ళు ఉన్నారు. రహస్యంగా ఉత్తరాలు చేరవేసినవాళ్ళు ఉన్నారు. దళాలకు అన్నం పెట్టినవాళ్ళు ఉన్నారు. అడవిలో కన్న బిడ్డను ఇతరుల చేతిలో పెట్టాల్సి వచ్చిన తల్లి ఉంది. పోరాటం అయిపోయింది. అందరూ ఇళ్ళకు వచ్చారు. మగవాళ్ళ పేర్లు చరిత్రలోకి ఎక్కాయి. ఆడవాళ్ళలో చాలామందిని ఎవరూ అడగలేదు.

ముప్పై ఏళ్ళు గడిచాయి. అప్పుడు స్త్రీశక్తి సంఘటన అనే మహిళా సంఘం వాళ్ళు ఆ ఆడవాళ్ళను వెతుక్కుంటూ పోయారు. ఎదురుగా కూర్చుని విన్నారు. టేపు రికార్డరులో మాటలు పట్టుకున్నారు. 1986లో దాన్ని పుస్తకంగా అచ్చు వేశారు. దాని పేరు "మనకు తెలియని మన చరిత్ర". తర్వాత అది ఇంగ్లీషులోకి కూడా పోయింది.

ఆ పోరాటంలో తుపాకి పట్టిన మల్లు స్వరాజ్యం 2022లో కన్నుమూశారు. అయితే అంతకుముందే తన కథ చెప్పి రాయించారు. అది 2019లో పుస్తకంగా వచ్చింది. యాదులు చెప్పిన ఆడవాళ్ళలో ఎందరో ఇప్పుడు లేరు. వాళ్ళ మాట మాత్రం ఉంది.

నిజామాబాద్ ఖిల్లాలోనూ ఒక గుర్తు ఉంది. అక్కడ ఒకప్పుడు జైలు ఉండేది. 1948లో కవి దాశరథి కృష్ణమాచార్య అందులో ఖైదీ. వట్టికోట ఆళ్వారుస్వామి కూడా ఆయనతో ఉన్నారు. రాసుకోవడానికి కాగితం లేదు. దాశరథి బొగ్గుతో జైలు గోడ మీద పద్యాలు రాశారు. ఇవాళ ప్రతి ఇంట్లో కాగితం ఉంది. కలం ఉంది. ఇప్పుడు చదువూ వచ్చింది.

ఎలా అడగాలి? ఎలా రాయాలి?

1. తీరిక చూసి అడగాలి. "యుద్ధం గురించి చెప్పు" అంటే పెద్దలకు ఏం చెప్పాలో తోచదు. చిన్న ప్రశ్నలు వేయాలి. ఇల్లు విడిచిన నాడు ఎవరు సాగనంపారు? అక్కడ ఏం తిన్నారు? ఎక్కడ పడుకున్నారు? పక్కన ఎవరుండేవారు?

2. సాలు గుర్తు లేకపోతే ఊరి గుర్తులు అడగాలి. ఆ కోడలు అడిగితే మామ ఇలా అన్నాడు: "నెహ్రూ పోచంపాడుకు పునాదిరాయి ఏసిన యేడు నేను పల్టన్ల చేరిన." ఆ రాయి వేసింది 1963లో. కోడలు 1963 అని రాసుకుంది. ఇలాంటి గుర్తులు ఇంకా ఉన్నాయి. నిజాంసాగర్ కట్టడం పూర్తయింది 1931లో. బోధన్ చక్కెర ఫ్యాక్టరీ పెట్టింది 1937లో. పోలీసు చర్య 1948లో.

3. చెప్పినవాళ్ళ మాటల్లోనే రాయాలి. "లడాయి" అంటే లడాయి అనే రాయాలి. సొంత కల్పన కలపకూడదు.

4. ఏడిపిస్తూ అడగకూడదు. మామ తన పక్క జవాను చనిపోయిన సంగతి దగ్గర ఆగిపోయాడు. కోడలు బుక్కు మూసింది. మంచినీళ్ళు ఇచ్చింది. ఆ రోజుకు చాలు అనుకుంది. వారం తర్వాత ఆయనే పిలిచి చెప్పాడు.

5. ఇంట్లో ఉన్న ఆడవాళ్ళను కూడా అడగాలి. ఇల్లు ఎట్లా గడిచింది? అప్పు ఎవరిచ్చారు? కబురు రానప్పుడు ఎట్లా ఉండింది? అదీ యుద్ధం కథే.

6. ఫొటో వెనక పెన్సిలుతో పేర్లు, ఊరు, సాలు రాయాలి. పతకాల మీద అక్షరాలు చూడాలి. 1971లో తూర్పున పోరాడినవాళ్ళకు పూర్వీ స్టార్, పడమట పోరాడినవాళ్ళకు పశ్చిమీ స్టార్ ఇచ్చారు. పతకం చూస్తే మనిషి ఏ దిక్కున ఉన్నాడో తెలుస్తుంది.

7. డిశ్చార్జి బుక్కు, పింఛను కాగితం జాగ్రత్త చేయాలి. వాటికి జిరాక్సు తీయించి వేరే చోట పెట్టాలి. వాటిలో సైనికుని నంబరు ఉంటుంది. భార్య పేరు సరిగా ఉందో లేదో ఇప్పుడే చూసుకోవాలి. రేపు భర్త పోతే ఆమెకు వచ్చే పింఛనుకు అవే ఆధారం. తప్పు ఉంటే నిజామాబాద్‌లో సైనిక సంక్షేమ కార్యాలయం ఉంది. అక్కడ అడగవచ్చు.

ఆ కోడలి నోటుబుక్కు ఇప్పుడు సగం నిండింది. అక్షరాలు వంకరగా ఉన్నాయి. తప్పులు కూడా ఉన్నాయి. అయినా మనవడు దాన్ని చదివి, "తాతా, ఇది నిజమేనా?" అని అడిగాడు. అత్త రోజూ గుర్తు చేస్తుంది: "ఇయ్యాల నా ముచ్చట రాస్తవా బిడ్డా?"

చెప్పండి

1. అత్త తన మనసులో మాట ఉత్తరంలో ఎందుకు రాయించలేకపోయింది?
2. "మనకు తెలియని మన చరిత్ర" పుస్తకంలో ఎవరి యాదులు ఉన్నాయి?
3. మీ ఊళ్ళో యుద్ధానికి పోయి వచ్చినవాళ్ళు ఎవరు? వాళ్ళ ఇంటి ఆడవాళ్ళు ఎవరు?

రాయండి

మీ ఇంట్లో అందరికంటే పెద్దవాళ్ళ దగ్గర కూర్చోండి. ఒక్క ప్రశ్న అడగండి. వాళ్ళు చెప్పింది అయిదు వాక్యాల్లో రాయండి. కింద వాళ్ళ పేరు, ఊరు, తేదీ వేయండి. రాసింది వాళ్ళకే చదివి వినిపించండి.