పర్వదినములలో దేహరక్షణము – మనశ్శాంతి

మన విజయనగర ప్రాంతమున ఆశ్వయుజము మొదలు చైత్రము వరకు పర్వదినములకు కొదువ లేదు. విజయదశమి వెళ్ళిన తరువాతి మంగళవారము పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవము, కార్తికమున స్నానములు, దీపములు, ధనుర్మాసమున తెల్లవారుజామున తిరుప్పావై సేవ, ముక్కోటి ఏకాదశి, పెద్దపండుగ అని మనవారు పిలుచుకొను సంక్రాంతి, మాఘమున రథసప్తమి, భీష్మ ఏకాదశి, చైత్రమున శ్రీరామనవమి. నెల్లిమర్లకు సమీపముననున్న రామతీర్థ క్షేత్రమునకు ఈ దినములలో పల్లెల నుండి భక్తులు కుటుంబములతో తరలివచ్చుదురు.

పండుగ ఆనందము కొరకే ఏర్పడినది. కాని పండుగ వెళ్ళిన మరునాడు అనేక గృహములలో కనబడునదేమి? ఒకరికి అజీర్ణము, ఒకరికి జ్వరము, గృహిణికి నడుము నొప్పి, యజమానికి అప్పుల చింత. భగవంతుని సేవించినవారికి ఇట్టి ఫలమేల కలుగవలెను? దోషము పండుగలో లేదు. మనము దానిని ఆచరించు తీరులో ఉన్నది.

ఈ విషయమున నా తప్పిదమునే మొదట విన్నవించుకొందును. కొన్ని సంవత్సరములకు పూర్వము ముక్కోటి ఏకాదశినాడు మా అన్నగారు, నేను రామతీర్థమునకు వెళ్ళితిమి. ఆయనకు మధుమేహము కలదు. “తమ్ముడా, కొంచెము పాలు త్రాగి బయలుదేరుదునా?” అని ఆయన అడుగగా, “ఈ ఒక్కదినము నిర్జలముగా ఉండలేవా అన్నయ్యా?” అంటిని. పండితుడనను అభిమానము నాచేత ఆ మాట అనిపించినది. ఆయన అలవాటు చొప్పున ఉదయపు మాత్ర వేసికొని, మరేమియు తీసికొనక వచ్చిరి. వరుసలో రెండు గంటలు నిలిచిన పిమ్మట ఆయనకు చెమటలు పట్టినవి, చేతులు వణికినవి, మాట తడబడినది. వెనుకనున్న ఒక తల్లి గుర్తెరిగి, పంచదార కలిపిన నీరు త్రాగించినది. కొంతసేపటికి తేరుకొని ఆయన నన్నడిగిన మొదటి మాట ఇది: “నా వ్రతము చెడినదా?” ఆ ప్రశ్న నన్ను నేటికిని వదలలేదు.

వ్రతమును చెడగొట్టని ఎనిమిది

వ్రతము చెడలేదు. ధర్మశాస్త్ర నిబంధకారులు వ్రతభంగము కలిగింపని ఎనిమిదింటిని స్పష్టముగా పేర్కొనిరి. నీరు, దుంపలు, పండ్లు, పాలు, హవిస్సు, బ్రాహ్మణుని కోరిక, గురువు మాట, ఔషధము అనునవి ఆ ఎనిమిది. చూడుడు, నీరును ఔషధమును రెండును ఇందులో ఉన్నవి! ఏకాదశీ ఉపవాస నియమము సహితము ఎనిమిది సంవత్సరములు దాటి, ఎనుబది సంవత్సరములు నిండని వారికే విధింపబడినది. పసివారిని, వృద్ధులను, రోగులను శాస్త్రము కష్టపెట్టగోరదు. ఈ సంగతి నేను పాఠశాలలో చదివితిని, ఇతరులకు చెప్పితిని, మా అన్నగారి విషయమున మరచితిని.

ఉపవాసమనగా సమీపమున వసించుట. కడుపు మాడ్చుకొని, మనస్సంతయు ఆకలిమీదనే నిలిపినవాడు భగవంతుని సమీపమున ఎట్లుండగలడు? గీతాచార్యుడు ఆరవ అధ్యాయమున, మిక్కిలి భుజించువానికిని బొత్తిగా భుజింపనివానికిని యోగము సిద్ధింపదని ఉపదేశించెను. పదునేడవ అధ్యాయమున, శాస్త్రవిహితము కాని ఘోరతపస్సుచేత దేహమును పీడించువారు దేహములోనున్న తననే పీడించుచున్నారని హెచ్చరించెను. ఇంతకంటె ప్రమాణమేమి కావలెను?

కావున మధుమేహము, రక్తపోటు, హృద్రోగము గలవారు, గర్భిణులు పండుగకు కొన్ని దినములు ముందుగనే వైద్యుని సంప్రదింపవలెను. మాత్ర వేసికొని ఆహారము మానుటయు, ఆహారము మానుటకై తమంత తాము మాత్ర మానుటయు రెండును ప్రమాదకరములే. మందుల వేళలను ఎట్లు మార్చుకొనవలెనో వైద్యుడే చెప్పవలెను. మధుమేహము గలవారు బయలుదేరునప్పుడు కొంచెము పంచదార పొట్లము కట్టుకొనుట మంచిది. చెమట, వణకు, కన్నులు తిరుగుట కనబడినచో మూడు చెంచాల పంచదార నీటిలో కలిపి వెంటనే త్రాగవలెను. స్పృహ తప్పినవారి నోట ఏమియు పోయరాదు. ప్రక్కకు త్రిప్పి పరుండబెట్టి, 108 వాహనమును పిలువవలెను.

వరుసలో నిలిచిన భక్తునకు

సింహాచలమున అక్షయతృతీయనాడు జరుగు చందనోత్సవము తీవ్రమైన ఎండలలో వచ్చును. ఆషాఢ పూర్ణిమకు అచటనే జరుగు గిరిప్రదక్షిణము సుమారు 32 కిలోమీటర్ల నడక. ఇట్టి సమయములలో పెద్దలు, విశేషించి స్త్రీలు, మరుగునకు పోవలసివచ్చునను సంకోచముచేత నీరు త్రాగుట మానుకొందురు. ఇది మేలు కాదు. చరకాచార్యుడు సహజవేగములను నిరోధింపరాదని ఒక అధ్యాయమునే రచించెను. ఆకలి, దప్పిక, నిద్ర, మూత్రవేగము, శ్రమవలన కలుగు ఆయాసము ఇవన్నియు ఆ పట్టికలోనివే.

చెమటతో నీరే గాక ఉప్పు సహితము దేహమునుండి వెడలిపోవును. వాంతులు, విరేచనములు పట్టుకొన్నచో, కాచి చల్లార్చిన ఒక లీటరు నీటిలో ఆరు సమచెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపి కొంచెము కొంచెముగా త్రాగింపవలెను. శ్రీరామనవమినాడు మన పెద్దలు పానకము, వడపప్పు ఏర్పరచుటలోని ఔచిత్యము గమనింపదగినది. బెల్లపు నీరు బడలికను తీర్చును. అందలి శొంఠి, మిరియములు, ఏలకులు జీర్ణశక్తికి తోడ్పడును. నానిన పెసరపప్పు తేలికయైన ఆహారము. మధుమేహము గలవారు మాత్రము పానకమును తీర్థమువలె పుచ్చుకొన్న చాలును.

ప్రసాదమునకు పరిమితి

హేమంత, శిశిర ఋతువులలో జఠరాగ్ని ప్రబలముగా ఉండునని ఆయుర్వేదము చెప్పుచున్నది. అందుచేతనే సంక్రాంతికి నువ్వులు, బెల్లము, నెయ్యి చేరిన పిండివంటలు తగియున్నవి. తగియున్నవనగా మితి లేదని అర్థము కాదు. కడుపును నాలుగు భాగములుగా భావించి, రెండు భాగములు అన్నముతో, ఒక భాగము ద్రవముతో నింపి, నాలుగవ భాగమును వాయుసంచారమునకు విడువవలెనని వాగ్భటుడు చెప్పెను. చక్కెరపొంగలి గాని పులిహోర గాని, ప్రసాదబుద్ధితో స్వీకరించినప్పుడు పిడికెడైనను పూర్ణఫలమే. మిగిలినది నలుగురికి పంచినచో పుణ్యమును ఆరోగ్యమును రెండును దక్కును. ద్వాదశీ పారణయందు సహితము తేలికయైన అన్నముతో ఆరంభింపవలెను. జాగరణము చేసినవారు నిద్ర తీరక మునుపు వాహనము నడుపరాదు.

వంటింటిలోని తపస్సు

ఇండ్లలో పండుగభారమంతయు ఒక్కరిమీదనే పడుచున్నది. తెల్లవారకమునుపే లేచి, మడికట్టుకొని, నైవేద్యము వండి, అందరికి వడ్డించి, మూడవ జామున మిగిలినది తినునది గృహిణి. ఆమె ఉపవాసము ఏ పంచాంగములోను వ్రాయబడలేదు! పురుషులు కొబ్బరి తురుముట, నీరు తెచ్చుట, పాత్రలు సర్దుట చేసినచో మర్యాదకు లోపము రాదు, అదియును కైంకర్యమే. ఆ సంఘటన తరువాత మా ఇంట పిండివంటలు ఐదునుండి రెండింటికి తగ్గించితిమి. ఆమెతోపాటే అందరము కూర్చుండి భుజించుచున్నాము. స్వామికి ఏ లోటును కలుగలేదు.

మనస్సునకు విశ్రాంతి

చరకుడు దేహవేగములను ఆపవద్దన్న అధ్యాయముననే, ఆపవలసిన వేగములను సహితము చెప్పెను. లోభము, శోకము, భయము, క్రోధము, మానము, ఈర్ష్య ఇత్యాదులవి. మనము దీనికి విపరీతముగా ఆచరించుచున్నాము. దప్పికను ఆపుకొందుము, కోపమును విడుతుము! పొరుగువారి ముంగిట వెలసిన ముగ్గును, వారల్లునికి పెట్టిన బట్టలను చూచి అప్పు చేయుట ఈర్ష్యావేగమే. పత్రము, పుష్పము, ఫలము, జలము, వీనిలో ఏది భక్తితో ఇచ్చినను స్వీకరింతునన్న స్వామికి మన అప్పుపత్రముతో పనిలేదు. పండుగకు ముందే వ్యయమునకు ఒక హద్దు వ్రాసికొనుడు. దినమునకు ఒక అరగంట ఏ పనియు పెట్టుకొనక నామజపమునకు కేటాయింపుడు. పనులలో ఏదియైన విడువవలసివచ్చిన ఒక పిండివంటను విడువుడు. ఆ అరగంటను విడువవద్దు.

మరుసటి సంవత్సరము ముక్కోటి ఏకాదశికి మా అన్నగారు వైద్యుని అడిగి, ఆయన చెప్పిన మేరకు పాలు, పండ్లు పుచ్చుకొని, నీటిచెంబు చేతబట్టుకొని వచ్చిరి. రద్దీ తగ్గువరకు నీడపట్టున కూర్చుండి, నెమ్మదిగా దర్శనము చేసికొంటిమి. వెలుపలికి వచ్చి ఆయన ఇట్లనిరి: “తమ్ముడా, క్రిందటి పర్యాయము స్వామిని చూచినట్లే జ్ఞాపకము లేదు. ఈసారి కన్నులార చూచితిని.” రామతీర్థమునకు రాబోవు యాత్రికులందరికిని అట్టి దర్శనమే లభించుగాక.