పాతజీపులోని ఆవిరిడబ్బాను మార్చు విధము

వేసవిలో తనకల్లు మెట్టభూమిపై నిలిపిన జీపు తొట్టిలో పెట్రోలు ఎడతెగక ఆవిరియగుచుండును. 1947లో బొంబాయిలో మహీంద్రావారు కూర్ప నారంభించిన విల్లీస్ జీపులలో ఈ యావిరి బయటి గాలిలో కలిసిపోయెడిది. అట్టి యావిరి ఎండవేడిమిలో పొగలతో కూడి, ఊపిరితిత్తులకు హానిచేయు ఓజోనును పుట్టించును. కావున కాలిఫోర్నియాలో 1970 మోడలు కార్లనుండియు, అమెరికా అంతట 1971 మోడలు కార్లనుండియు, దానిని పట్టియుంచు సాధనము తప్పనిసరి యయ్యెను. పిమ్మటి కాలపు జీపువంటి బండ్లలోను ఇది కానవచ్చును.

ఈ సాధనమే బొగ్గుడబ్బా. ఇందలి ప్రత్యేకమైన బొగ్గు సూక్ష్మరంధ్రమయము; ఒక్క గ్రాములోని రంధ్రముల గోడలన్నియు పరచినచో 500 చదరపు మీటర్లకు మించును. ఆవిరి ఆ గోడల నంటి నిలుచును. ఇంజను నడచునపుడు వెలుపలి గాలి డబ్బాగుండ ప్రవహించి, ఆవిరిని ఇంజనులోనికి కొనిపోవును. అచ్చట నది కాలి పనికివచ్చును. కావున డబ్బాకు సామాన్యముగా మూడు త్రోవలుండును: ఒకటి తొట్టికి, ఒకటి ఇంజనుకు, ఒకటి బయటి గాలికి.

డబ్బా పగిలినను, బొగ్గు పెట్రోలుతో తడిసినను, పొడియై గొట్టములలోనికి వచ్చినను మార్చవలెను. ఇంజను చల్లారిన పిమ్మట బ్యాటరీ తీగ విప్పి, తొట్టిమూతను మెల్లగా వదులుచేయుడు. ప్రతి గొట్టమునకు గుర్తు కట్టి, తరువాతనే ఊడదీయుడు. బీటలువారిన గొట్టములకు మారుగా పెట్రోలుకు తగిన రబ్బరుగొట్టములనే తొడుగుడు. కొందఱు డబ్బాను పాఱవేసి గొట్టములకు బిరడాలు బిగింతురు. అట్లు చేసిన తొట్టిలో శూన్యమేర్పడి, ఇంజనుకు పెట్రోలు సరిగా అందకపోవచ్చును.

అన్నిటికంటె ముఖ్యమైన దొకటి కలదు. పెట్రోలు ఆవిరి గాలికంటె మూడు నాలుగు రెట్లు బరువైనది. కంటికి కనబడక నేలనంటి ప్రాకి, దూరముననున్న పొయ్యిమంటను చేరి భగ్గున నంటుకొనును. కావున ఈ పనిని గోతిలోగాని మూసిన కొట్టములోగాని చేయక, మంటకు దూరముగ ఆరుబయటనే చేయవలెను.