నేత పాఠానికి ఏ సినిమా?

ప్రశ్న: కురుచికుప్పంలో 8వ తరగతికి సాంఘికం చెబుతాను. భూగోళం, డిజైన్, నేత కలిసొచ్చే సినిమాలు చెప్పండి. వీడియో పెట్టిన కాసేపటికే పిల్లలు అల్లరి మొదలుపెడుతున్నారు.

జవాబు: సినిమా మొత్తం చూపించకండి మాస్టారూ. ముక్క చూపించి, ఆపి, పని చెప్పండి.

భూగోళానికి డిజైనర్లైన ఈమ్స్ దంపతులు తీసిన ‘పవర్స్ ఆఫ్ టెన్’ (1977) పెట్టండి. నిడివి తొమ్మిది నిమిషాలే. పది సెకన్లకోసారి దృశ్యం పది రెట్లు విశాలమవుతుంది. తర్వాత పిల్లల చేత బెంచీ, బడి, కురుచికుప్పం, పుదుచ్చేరి, బంగాళాఖాతం వరుసగా గీయించండి. ఇక డిజైన్‌కు: మన వస్త్రాల మీద ఈమ్స్ దంపతులే 1955లో ఓ చిన్న చిత్రం తీశారు. వీళ్ల 1958 నివేదిక ఆధారంగానే అహ్మదాబాద్‌లో జాతీయ డిజైన్ సంస్థ 1961లో మొదలైంది.

నేతకు ‘మల్లేశం’ (2019) చాలు. నేతకు ముందు నూలు చుట్టే పనిని ఆసు పోయడం అంటారు; దానికి యంత్రం కనిపెట్టిన చింతకింది మల్లేశం కథ అది. తల్లి ఆసు పోసే ఘట్టం చూపించి, పోచంపల్లి ఇక్కత్ ముక్క, అద్దకం ముక్క చేతికివ్వండి. నూలుకు ముందే ముడులు కట్టి రంగు వేస్తారు కాబట్టి ఇక్కత్ పువ్వు అంచు చెదిరినట్టుంటుంది, రెండు వైపులా ఒకేలా కనిపిస్తుంది. అచ్చు అద్దితే అంచు పదునుగా ఉంటుంది, వెనక వైపు రంగు వెలిసినట్టుంటుంది.

చివరగా పటం తీయించండి. పుదుచ్చేరి నీలిబట్ట ఒకప్పుడు పశ్చిమాఫ్రికాలోని సెనెగల్‌కు వెళ్లేది. 1869కి ముందు సూయజ్ కాలువ లేదు. ఓడ ఏ దారిన వెళ్లి ఉంటుందో వాళ్లనే గీయమనండి.