వార్ధక్యంలో దృష్టి – మన కర్తవ్యం

నలభై ఏండ్లు దాటినవారికి దగ్గరి అక్షరాలు మసకబారడాన్ని తెలుగువారు 'చత్వారం' అన్నారు. నలభైకి సంస్కృతంలో ఉన్న 'చత్వారింశత్' అనే పేరే దీనికి మూలం. చత్వారం వ్యాధి కాదు, అద్దాలతో సరిపోతుంది. ఆపై వచ్చే నేత్రవ్యాధుల సంగతి వేరు. 'ముసలితనం గదా, చూపు తగ్గదా?' అని అన్నింటినీ ఒకే గాటన కట్టడమే మన ఇండ్లలో అనర్థహేతువు అవుతున్నది.

మొదటిది శుక్లం, ఉర్దూలో సఫేద్ మోతియా. కంటి కటకం క్రమంగా తెల్లబారుతుంది. శస్త్రచికిత్సతో దానిని తొలగించి కృత్రిమ కటకం అమర్చితే చూపు చాలవరకు తిరిగి వస్తుంది. శుక్లం ముదిరేదాకా ఆగవలసిన పని నేడు లేదు.

రెండవది నీటికాసులు, అనగా కాలా మోతియా. ఉర్దూలో పేర్లు తోబుట్టువులే గాని స్వభావాలు వేరు. ఇందులో దృష్టినాడి దెబ్బతిని, తరచు నొప్పి లేకుండానే పక్కచూపు తరిగిపోతుంది. పోయిన చూపు రాదు. మిగిలినదానిని కాపాడుకోవడమే చికిత్స.

మూడవది దృష్టిపటలం మధ్యభాగమైన మాక్యులా క్షీణించడం. ఎదుటివారి ముఖమే మసకబారుతుంది. మధుమేహం వల్ల కూడ దృష్టిపటలం చెడవచ్చు.

1996–2000 మధ్య ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థవారు హైదరాబాదులోను, పశ్చిమ గోదావరి, ఆదిలాబాదు, మహబూబ్‌నగర్ జిల్లాల గ్రామాలలోను 10,293 మందిని పరీక్షించారు. అంధత్వంలో సుమారు 60 శాతానికి శుక్లమూ, అద్దాలతో సరిదిద్దదగిన దృష్టిదోషమూ కారణాలని తేలింది. అనగా ఆ చీకటిలో అధికభాగం నివారింపదగినదే. తెలంగాణ ప్రభుత్వం 2018 ఆగస్టు 15న ప్రారంభించిన 'కంటి వెలుగు' ఉచిత పరీక్షలను, అద్దాలను గ్రామగ్రామానికి చేర్చింది.

చికిత్సకు లొంగని చోట మన తోడ్పాటే చికిత్స. గౌలిగూడ వంటి పాతపేటల ఇండ్లలో మెట్లు ఇరుకు, వెలుతురు తక్కువ. మెట్ల అంచులకు తెల్లరంగు పూయుదము. తెల్లని అన్నాన్ని ముదురురంగు పళ్లెంలో వడ్డింతము. మందుసీసా, చేతికర్ర ఉన్నచోటు మార్చకుందము. గదిలోకి వెళ్లగానే మన పేరు చెప్పుదము. నడిపించునప్పుడు వారి చేయి పట్టి లాగక, మన మోచేతిని వారికి అందింతము. ఖురాన్ షరీఫ్ గానీ, భాగవతం గానీ, దినపత్రిక గానీ రోజుకొక అరగంట చదివి వినిపింతము. చూపు తగ్గినంత మాత్రాన ఇంటి ఆలోచనలలో పెద్దల మాట తగ్గకూడదు.

విద్యార్థులారా! ఒక్కొక్క కన్నూ మూసి, రెండవ కంటితో కిటికీ చువ్వలను చూడమని పెద్దలను అడగండి. చువ్వలు వంకరగా తోస్తే జాగు చేయకండి. నీటికాసులు ఇటువంటి ఇంటిపరీక్షకు దొరకవు. కనుక చూపు బాగున్నదనువారిని సైతం ఏడాదికొకసారి మెహిదీపట్నంలోని సరోజినీదేవి ప్రభుత్వ నేత్రవైద్యశాలకో, మరొక వైద్యుని వద్దకో తోడ్కొని వెళ్లండి. మనకు అక్షరాలు చూపినవారి కన్నులివి. వీటిని కాపాడుట మన విధి.