విమానం దిగాక ఇల్లెంత దూరం?

పాన్‌గల్ నుండి దుబాయి వెళ్ళి, అక్కడ రెండేళ్ళు తాపీపని చేసిన మేస్త్రి ఒకాయన ఇంటికి తిరిగి వస్తున్నాడనుకొందాం. దుబాయికీ హైదరాబాదుకూ మధ్య దాదాపు 2,500 కిలోమీటర్లు. విమానం ఆయన్ను నాలుగు గంటలలో శంషాబాద్‌లో దించింది. పాన్‌గల్‌కు ఇక మిగిలింది సుమారు 150 కిలోమీటర్లే. కాని ఈ చిన్న ముక్క దాటడానికి సముద్రం దాటినంత సేపూ పట్టవచ్చు! టాక్సీ మాట్లాడుకొంటే త్వరగానే చేరతాడు గాని, దాచి తెచ్చుకొన్న డబ్బులో పెద్ద నోట్లే కొన్ని దారిలో రాలిపోతాయి. బస్సు మీద చేరాలంటే ఏం చూసుకోవాలి? ఇందులో కొంచెం భౌతికశాస్త్రం, కొంచెం లెక్కలు ఉన్నాయి.

అసలు విమానాశ్రయాన్ని ఊరికి అంత దూరంలో ఎందుకు కట్టారు? 2008 మార్చి దాకా హైదరాబాదు విమానాలు నగరం నడుమనున్న బేగంపేటలోనే దిగేవి. ఆ నెలలో శంషాబాద్ విమానాశ్రయం మొదలయింది. అది నగరానికి దక్షిణంగా సుమారు 24 కిలోమీటర్ల దూరంలో ఉంది.

బరువైన విమానం ఒకటి గంటకు 288 కిలోమీటర్ల వేగం అందుకొంటే గాని నేల విడవదనుకొందాం. అంటే సెకనుకు 80 మీటర్లు. దాని త్వరణం 1.6 అనుకొంటే, మీరు తరగతిలో నేర్చుకొన్న సూత్రం ప్రకారం వేగం వర్గాన్ని త్వరణానికి రెట్టింపుతో భాగించాలి. 6400ను 3.2తో భాగిస్తే 2,000 మీటర్లు వస్తుంది. సరిగ్గా ఆ క్షణంలో ఇంజను చెడితే? బ్రేకులు వేసి ఆగాలి గదా! ఆగేటప్పటి రుణత్వరణం 2.5 అయితే మరో 1,280 మీటర్లు కావాలి. మొత్తం 3,280 మీటర్లు. పైగా హైదరాబాదు సముద్రమట్టానికి 600 మీటర్లకు పైన ఉంది. ఎత్తు వల్లా, ఎండాకాలపు వేడి వల్లా గాలి పలచబడి రెక్కలకు ఆధారం తగ్గుతుంది, ఇంకా దూరం పరుగెత్తాలి. శంషాబాద్ పెద్ద రన్‌వే పొడవు 4,260 మీటర్లు. ఇంత చాప పరచడానికి నగరం మధ్య చోటెక్కడ?

కాబట్టి దూరం తప్పలేదు. అయితే ఆకాశంలో మిగిలిన సమయం నేలమీద ఖర్చవుతుంది. కెనడాలో మాంట్రియల్ నగరానికి దూరంగా 1975లో మిరబెల్ అనే విమానాశ్రయం కట్టారు. దానికి వేయాలనుకొన్న రైలు మార్గం పూర్తి కానే లేదు. వేరే కారణాలూ ఉన్నాయనుకోండి, 2004లో అక్కడ ప్రయాణికుల విమానాలు ఆగిపోయాయి. లండనువారు మాత్రం 1977లోనే తమ భూగర్భ రైలును హీత్రో విమానాశ్రయం దాకా తీసుకువెళ్ళారు.

శంషాబాద్‌కు మెట్రో రైలు ఆలోచన చాలా ఏళ్ళుగా సాగుతోంది. 2022 డిసెంబరులో ఒక దారికి శంకుస్థాపన కూడా జరిగింది, తరువాత ఆ దారిని వదిలి వేరే పథకం వేశారు. అందాకా సామాన్యుడికి ఆధారం ఆర్టీసీ వారి పుష్పక్ బస్సులే. 2019లో వీటిలో విద్యుత్ బస్సులు కూడా చేరాయి. ఒక విమానంలో 180 మంది దిగారనుకోండి. ఇద్దరిద్దరు చొప్పున టాక్సీ ఎక్కితే 90 కార్లు కావాలి. ఒకదాని వెనుక ఒకటి ఆనించి నిలిపినా దాదాపు 400 మీటర్ల వరుస! బస్సుకు 45 మంది చొప్పున నాలుగు బస్సులు చాలు, వాటి వరుస 50 మీటర్లు.

బస్సుతో ఉన్న చిక్కల్లా ఎదురుచూడడమే. ఇక్కడొక తమాషా లెక్క ఉంది. అరగంటకొక బస్సు క్రమంగా వస్తుంటే, వేళ తెలియకుండా స్టాపుకు వచ్చినవాడు సగటున 15 నిమిషాలు ఆగుతాడు. ఇప్పుడు గంటకు బస్సులు రెండే, కాని ఒక ఎడం 10 నిమిషాలు, తరువాతిది 50 నిమిషాలు అనుకోండి. సగటు నిరీక్షణ మళ్ళీ 15 నిమిషాలేనా? కాదు. మనం పెద్ద ఎడంలో చిక్కుకొనే అవకాశం ఆరింట అయిదు వంతులు. అప్పుడు సగటున 25 నిమిషాలు ఆగాలి. మిగిలిన ఒక వంతులో 5 నిమిషాలు. కలిపి చూస్తే దాదాపు 22 నిమిషాలు! బస్సుల సంఖ్య మారలేదు, డీజిలు ఖర్చు మారలేదు, నిరీక్షణ మాత్రం పెరిగింది.

ఎడాలు అలా ఎందుకు చెడతాయి? ఒక బస్సు కాస్త ఆలస్యమయితే స్టాపులో జనం పోగవుతారు. వాళ్ళు ఎక్కేసరికి ఇంకా ఆలస్యం. వెనుక బస్సుకు జనం తక్కువ కనుక అది త్వరగా వచ్చి ముందుదాన్ని అందుకొంటుంది. "ఇంతసేపూ ఒక్కటీ లేదు, ఇప్పుడు రెండూ ఒకేసారి" అని పెద్దలు విసుక్కొనేది ఇందుకే. డ్రైవరు తప్పేమీ ఉండనక్కరలేదు.

మన మేస్త్రి దగ్గరకు వద్దాం. ఆయన అలవాటు ప్రకారం పుష్పక్ ఎక్కి నగరంలోకి పోయి, మహాత్మాగాంధీ బస్‌స్టేషన్‌లో వనపర్తి బస్సు పట్టుకొంటాడనుకొందాం. నగరం విమానాశ్రయానికి ఉత్తరాన ఉంది, పాన్‌గల్ దక్షిణాన! వనపర్తి బస్సు 44వ జాతీయ రహదారి మీద ఆరాంఘర్, శంషాబాద్ దాటి, షాద్‌నగర్, జడ్చర్ల, కొత్తకోట మీదుగా పోతుంది. అంటే నగరం దాకా పోయి వచ్చిన సుమారు 45 కిలోమీటర్లు వృథా, తిరిగి విమానాశ్రయం పక్కనుండే పోవాలి. శంషాబాద్‌లోనో, ఆరాంఘర్ చౌరస్తాలోనో ఎక్కితే ఆ దూరం కలిసివస్తుంది. నష్టం ఒకటుంది. బస్సు నిండి వస్తే జడ్చర్ల దాకా నిలబడాలి. రెండు పెట్టెలు, పిల్లలకు తెచ్చిన సామాను ఉన్నవాడు సీటు కోసం నగరానికే పోతానంటే అతని లెక్కా తప్పు కాదు.

కల్వకుర్తి వైపు వాళ్ళకు దారి వేరు. విమానాశ్రయానికి తూర్పున శ్రీశైలం రహదారి ఉంది, వారు తుక్కుగూడ, ఆమనగల్లు మీదుగా పోవాలి. రైలు కావాలంటే గద్వాల లైనులో ఉందానగర్ స్టేషను శంషాబాద్ దగ్గరలోనే ఉంది. కాని విమానాశ్రయం నుండి స్టేషనుకు ఒక వాహనం, అక్కడ మళ్ళీ ఎదురుచూపు. బండి మారిన ప్రతిసారీ పైన చెప్పిన నిరీక్షణ ఒకటి కలుస్తుంది. విమానం రాత్రి ఆలస్యంగా దిగితే, వనపర్తిలో పాన్‌గల్ ఆఖరి బస్సు వెళ్ళిపోయి తెల్లవారేదాకా స్టాండులో పడుకోవలసి రావచ్చు. అందుకే ప్రయాణాన్ని ఇంటి దగ్గర నుండి వెనక్కి లెక్కగట్టాలి. ముందు వనపర్తిలో ఆఖరి బస్సు వేళ, తరువాత శంషాబాద్‌లో ఎక్కవలసిన వేళ, చివరికి టిక్కెట్టు కొనే విమానం.

మీరు చేయవలసిన పని: ఒక ఆదివారం మీ ఊరి బస్టాండులో రెండు గంటలు కూర్చొని, ఒకే మార్గంలో పోయే బస్సులు వచ్చిన వేళలు రాయండి. వాటి మధ్య ఎడాలు కట్టండి. ప్రతి ఎడాన్నీ దానితోనే హెచ్చించి, వచ్చినవన్నీ కూడి, ఎడాల మొత్తానికి రెట్టింపుతో భాగించండి. వచ్చేది మీ ఊరివారి సగటు నిరీక్షణ. పైన చెప్పిన 10, 50 నిమిషాల ఉదాహరణకు ఈ పద్ధతిలో ఎంత వస్తుందో మొదట సరిచూసుకోండి.